మా ఆయన సన్నమంట

మా ఆయన ఇళ్ళకు రంగులు వేస్తాడు. వేసిన పూత పూర్తిగా ఆరితే తప్ప రెండో పూతకు బ్రష్ ముట్టుకోడు. ఇంటివాళ్ళు నెత్తీ నోరూ బాదుకున్నా సరే. ఆ మనిషికి తొందర అనేది పుట్టుకతో రాలేదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళుగా నేను నేర్పుదామని చూసినా రాలేదు.

రెండేళ్ళ కిందట వాళ్ళక్క ఇంటికి రంగులు వేయడానికి వెళ్ళి, మూడు గదులకు ఇరవై రోజులు పట్టించాడు. ఇరవై ఒకటో రోజున మా వదిన ఇరుగుపొరుగు వింటుండగా, నీకంటే నత్త నయం అంది. ఈయన బ్రష్ అక్కడే పడేసి ఇంటికొచ్చేశాడు. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. అలా వచ్చేయడం తప్పేనని ఈయన నాతో చాలాసార్లు అన్నాడు. ఆ ముక్క ఆమెతో అనడానికి మాత్రం నోరు పెగలదు.

చూసి చూసి విసుగెత్తి, నేనే వదినకు ఫోన్ చేసి ఆదివారం భోజనానికి పిలిచాను. ఆమె ఆసుపత్రిలో నర్సు. రెండింటికి డ్యూటీ ఎక్కాలి, తినగానే వెళ్ళిపోతానని ముందే చెప్పి వచ్చింది. ఆ కాసేపట్లోనైనా అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటారని నా ఆశ.

మేకకూర నేను వండుతానంటే వినకుండా ఈయనే వంటింట్లో దూరాడు. కుక్కర్లో పెడదామంటే నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. తొమ్మిదింటికి ఉల్లిపాయలు మూకుట్లో వేస్తే, అవి ఎర్రబడేసరికే నా ఓపిక అయిపోయింది. ముక్కలకు అల్లం వెల్లుల్లి ముద్ద, ఎండుమిరప కారం, దంచిన మిరియాలు పట్టించి, మూత పెట్టి, వంగి చూస్తే గాని కనపడనంత సన్నగా మంట తగ్గించాడు.

ముందుగదిలో వదిన, వంటింట్లో ఈయన, మధ్యలో తిరగలేక నా కాళ్ళు పీకేశాయి. మంచినీళ్ళు కావాలేమో అడగమని ఈయన నాతో అంటాడు. అక్కర్లేదని చెప్పమని ఆమె నాతో అంటుంది. ఇద్దరి మధ్యా పట్టుమని పది అడుగులు లేవు, ఇద్దరికీ చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. పన్నెండయింది. ఒంటిగంట కావస్తోంది. కూర ఘాటుకు ఆకలి నకనకలాడుతోంది, వదిన గడియారం చూస్తోంది, ఈయనేమో గరిటె పట్టుకుని స్టూలు మీద తీరిగ్గా కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి, ఆ గరిటె లాక్కుని, మూత తీశాను. గరిటె తగలగానే ముక్క ఎముక నుంచి జారిపోయింది.

"ఎప్పుడు ఉడికిందండీ ఇది?"

"గంటయింది," అన్నాడు తల దించుకుని. "తినేస్తే వెళ్ళిపోతుంది కదే."

నాలుగు దులుపుదామని నోరు తెరిచాను. అంతలో వదిన అక్కణ్ణుంచే కూర అయిందా అని అడిగింది. ఇంకా ఉడకలేదు వదినా అన్న మాట నా నోట్లోంచే వచ్చింది. ఈయనతో కాపురం చేస్తే ఎవరైనా ఇలాగే తయారవుతారు.

వదిన ఏదో సణుక్కుంది. ఆసుపత్రికి ఫోన్ చేసి, గంట ఆలస్యంగా వస్తానంది. తర్వాత తిన్నగా వంటింట్లోకి వచ్చి, నా చేతిలో గరిటె తీసుకుని ఒక ముక్కను నొక్కింది. అది రెండుగా విడిపోయింది. ముప్పై ఏళ్ళుగా వండి పెడుతున్న మనిషికి కూర ఉడికిందో లేదో ఒకరు చెప్పాలా? ఆమె మూత పెట్టేసి, పీట లాక్కుని తమ్ముడి పక్కన కూర్చుంది.

"ఇంకా ఉడకాలి," అంది. "మంట కొంచెం తగ్గించరా."