మిస్ లొరెయిన్ ఎడమ చెయ్యి

మా హాస్పిటల్ లాబీలో ఎవరో దానంగా ఇచ్చిన పియానో ఒకటి ఉంది. మొన్న మధ్యాహ్నం ఒక ముసలాయన దాని ముందు కూర్చుని పాత జాజ్ వాయిస్తున్నాడు. ఎడమ చెయ్యి కింద ఒక బరువైన స్వరం కొట్టి, ఎగిరి మధ్యలో మూడు స్వరాలు కలిపి కొట్టి, మళ్ళీ కిందికి దూకుతోంది. అది చెవిన పడగానే చేతిలో కాఫీతో అక్కడే నిలబడిపోయాను. మొహం వేడెక్కింది. అరవై దగ్గరపడుతున్నా ఆ సిగ్గు నన్ను వదలదు.

1979లో మేము పిస్కాటవే అనే అమెరికా ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న డాక్టర్, నాకు పద్నాలుగేళ్ళు. మిస్ లొరెయిన్ మా స్కూల్ క్యాంటీన్‌లో వడ్డించేవారు. నల్లజాతి ఆవిడ, అరవై ఏళ్ళుంటాయి. ఆదివారాలు చర్చిలో పియానో వాయించేవారు, ప్రతి గురువారం మా ఇంటికొచ్చి నాకు నేర్పేవారు. జాజ్ చరిత్రంతా ఆవిడ నాకు ఎడమ చేత్తోనే చెప్పారు. "మొదట్లో పక్కన ఎవరూ ఉండేవారు కాదు హనీ. బ్యాండ్ మొత్తం పని ఈ చెయ్యే చెయ్యాలి, అందుకే ఇలా పరిగెత్తేది" అని వాయించి చూపేవారు. డ్రమ్స్, బేస్ వాయించేవాళ్ళు తోడయ్యాక ఎడమ చెయ్యి మాట తగ్గించిందట, కుడి చెయ్యి పరుగందుకుందట. ఆ తర్వాతివాళ్ళు కింది స్వరమే వదిలేసి, మెత్తగా నాలుగు స్వరాలు పరిచి ఊరుకున్నారట. అలా వాయించే ప్రతి పద్ధతి వెనకా ఒక మనిషి ఉండేవాడు. "ఇది మా మేనమామది, హార్లెమ్ డ్యాన్స్ హాల్లో వాయించేవాడు. ఎవరి దగ్గర తీసుకున్నావో పేరు చెప్పి వాయించు. చెప్పకపోతే దొంగతనమే" అనేవారు.

మరుసటి ఉగాదికి తెలుగువాళ్ళమంతా ఒక హైస్కూల్ ఆడిటోరియంలో చేరాం. ప్రోగ్రాం ఇచ్చిన పిల్లల గురువులని స్టేజ్ మీదికి పిలిచి శాలువా కప్పడం మావాళ్ళ పద్ధతి. డ్యాన్స్ టీచర్, సంగీతం టీచర్ పట్టుచీరల్లో ముందు వరసలో కూర్చున్నారు. పక్కనే మిస్ లొరెయిన్, చర్చికి పెట్టుకునే ఊదా టోపీతో. శాలువా సంగతి ముందే చెప్పి మరీ పిలిచింది అమ్మ. నేను తెర పక్కన నిలబడి ఉంటే ఇద్దరు ఆంటీలు మాట్లాడుకుంటున్నారు.

"ఎవరండీ ఆవిడ? డాక్టరుగారింట్లో క్లీన్ చేసే ఆవిడా?"

"ఏమో! తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారేంటి?"

ఇద్దరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వాయించాను. చప్పట్లు కొట్టారు. మైకు పట్టుకున్న రావు అంకుల్, "భలే వాయించావమ్మా! మీ గురువుగారెవరు? స్టేజ్ మీదికి పిలువు" అన్నారు. నా బుద్ధి గడ్డి తింది.

"నో వన్, అంకుల్. ఐ టాట్ మైసెల్ఫ్" అన్నాను.

చప్పట్లు రెట్టింపయ్యాయి. ప్రోగ్రామంతా తెలుగులోనే నడిచింది, మిస్ లొరెయిన్‌కి అర్థమైంది ఆ ఒక్క మాటే. ఆవిడ కూడా చప్పట్లు కొడుతున్నారు. అమ్మ శాలువా పళ్ళెంతో స్టేజ్ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

ఆ గురువారం ఆవిడ మామూలుగానే వచ్చారు. నేను మేడ మెట్ల మీద నక్కి విన్నాను. అమ్మ శాలువా ఆవిడ చేతిలో పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో "మా పిల్ల చాలా తప్పు చేసింది, మీరే క్షమించాలి" అంటోంది. "పిల్లలు కదా, భయపడతారు" అన్నారావిడ. నేను దిగివచ్చి పియానో ముందు కూర్చున్నాను. సారీ అన్న రెండక్షరాలు నోట్లోంచి ఊడిపడలేదు. "స్టేజ్ మీద ఎడమ చెయ్యి తొందరపడింది, మళ్ళీ వాయించు" అన్నారంతే. ఇంకో మూడేళ్ళు నేర్పారు. ఎన్ని గురువారాలు! ఒక్కరోజైనా నోరు విప్పానా? ఛీ, లేదు.

నేను మెడికల్ స్కూల్‌లో ఉండగా ఆవిడ పోయారు. అంత్యక్రియలకి అమ్మా నేనూ వెళ్ళాం. పాస్టర్, "లొరెయిన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు లేచి నిలబడండి" అన్నారు. చర్చిలో సగం మంది లేచారు. పోస్ట్‌మ్యాన్ యూనిఫాంలో ఒకతను, చంటిబిడ్డనెత్తుకున్న ఒకమ్మాయి, నెరిసిన జుట్టువాళ్ళు. "లేవే" అంది అమ్మ మోచేత్తో పొడిచి. ఏ మొహం పెట్టుకుని లేవను? తల వంచుకుని కూర్చుండిపోయాను. సరిగమలు కూడా రాని మనిషి అమ్మ, నా బదులు తనే లేచి నిలబడింది.

స్టేజ్ మీద ఆడిన అబద్ధానికి చిన్నపిల్లనని సర్దిచెప్పుకుంటాను. చర్చిలో కూర్చుండిపోయిన రోజు నాకు ఇరవై మూడేళ్ళు. దానికి ఏ సాకూ దొరకలేదు, ఇప్పటికీ.