అన్నపూర్ణ గారి ఆరు సీసాలు

మూత తిప్పగానే ఎండు నెత్తళ్ళ వాసన గదంతా పరుచుకుంది. ఈ ఏడాది కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరూ చున్నీలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఛీ, ఏంటండీ ఇది!" అన్నారు. నాకు నవ్వొచ్చింది. వేలెడంత గాజు సీసా అది. మీద అన్నపూర్ణ గారి చేతిరాతతో నాలుగు అంకె. లోపలి చేపలు మొగల్తూరు నుంచి మా అమ్మ ఏటేటా కొత్తవి పంపుతుంది గానీ, సీసా మాత్రం మొదటి రోజు నుంచీ అదే. పిల్లలకి ఆ సీసా కథ చెప్పాలి. వాళ్ళు ఆవిడని చూడలేదు. మీరూ చూడలేదు కదా, అందుకని కాస్త మొదటి నుంచే చెబుతాను.

డాక్టర్ అన్నపూర్ణ గారు రాజమండ్రిలో నరాల డాక్టరు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది అని తెలుసుకోవడానికి గోదావరి పల్లెల్లో అరవై దాటినవాళ్ళని ఏటా పరీక్షించే పని ఒకటి ఆవిడ నెత్తినేసుకున్నారు. ఇళ్ళ చుట్టూ తిరిగే మనుషులు కావాలంటే నేను వెళ్ళాను. సైకాలజీ పట్టా చేతిలో పెట్టుకుని, మా చర్చిలో ఆదివారాలు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ ఖాళీగా ఉన్న రోజులవి. "నీకేం వచ్చు?" అని అడిగారు. "మాట్లాడ్డం వచ్చండి" అన్నాను. "అది తెలుస్తూనే ఉంది. నోరు మూసుకోవడం వచ్చా?" అన్నారు. "నేర్చుకుంటానండి" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నారు. నోరు మూసుకోవడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది, దానికి మూల్యం చెల్లించింది నేను కాదు.

ముందు సీసాల సంగతి. ఈ జబ్బు వచ్చే కొందరిలో మతిమరుపు కంటే ముందే వాసన తెలియడం తగ్గుతుంది. అందుకని విదేశాల నుంచి ఒక వాసనల పెట్టె తెప్పించారు. అందులో ఏవో మంచుకొండల చెట్ల జిగురు వాసన, ఏవో అక్కడి మిఠాయిల వాసన. సముద్రం పక్క ఊళ్ళో ఒక ముసలమ్మ గారు ఒక్కొక్కటే వాసన చూసి, అన్నిటికీ "ఇదేదో సబ్బమ్మా" అన్నారు. ఫారం ప్రకారం ఆవిడకి సున్నా. తిరిగొచ్చేటప్పుడు జీపులో అన్నపూర్ణ గారు ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మూతా తీసి తనూ వాసన చూశారు. చివరికి, "ఆవిడ ముక్కు బాగానే ఉంది కృపా. మనకే బుర్ర లేదు" అన్నారు.

ఆ వారమే ధవళేశ్వరంలో వాళ్ళింటి వంటగదిలో ఆరు సీసాలు తయారయ్యాయి. ఇంగువ, బెల్లం, నిమ్మతొక్క, ఎండు నెత్తళ్ళు, పచ్చకర్పూరం, కాల్చిన తాటితేగ. అన్నపూర్ణ గారు పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలు కామేశ్వరి గారితో ఉండేవారు. శుద్ధ శాకాహారపు ఇల్లు. నాలుగో నంబరు సీసా చూసి కామేశ్వరి గారు వీరంగం ఆడేశారు. "అక్కా, నీకేమైనా మతిపోయిందా? అది ఇంట్లోకొస్తే నేను బయటికి పోతా!" ఆ రోజు నుంచి ఆ సీసా రాత్రిళ్ళు ప్రహరీగోడ మీద పడుకునేది. పొద్దున్నే అన్నపూర్ణ గారు దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బయల్దేరేవారు. చేప తినని ఇంట్లో ఆ సీసా తీసేవాళ్ళం కాదు, పచ్చకర్పూరం ఎరగని ఇంట్లో ఆ సీసా తీసేవాళ్ళం కాదు. "మనిషికి తెలియని దాన్ని అడిగి, తెలియలేదని రాయడం అన్యాయం" అనేవారు ఆవిడ. ప్రతి ఏడాదీ పని మొదలుపెట్టే రోజు ముందు ఆవిడే కుర్చీలో కూర్చుని మాచేత పరీక్ష చేయించుకునేవారు. నాలుగో సీసా మూత సగం తిప్పేసరికే ముఖం అవతలికి తిప్పేసి, "చాలు తల్లీ, తీసెయ్! కామేశ్వరి చూస్తే నిన్నూ నన్నూ కలిపి గోదాట్లో కలిపేస్తుంది" అనేవారు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఇక నా తప్పు. పరీక్షలో ఐదు పదాలు చెప్పి, వేరే పని చేయించి, ఐదు నిమిషాల తర్వాత ఆ పదాలు మళ్ళీ అడగాలి. మాట సాయం చేయకూడదు. ఒక్క పదం తప్పినా, కారణం వెతకడానికి రక్తపరీక్ష చేయించాలి. భీమవరం దగ్గర ఒక ఊళ్ళో సత్యనారాయణ రాజు గారని, రొయ్యల చెరువుల ఆసామీ. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, రెండు రకాల పిండివంటలు పెట్టించి, "ఆయ్, అడగండమ్మా" అన్నారు. నాలుగు పదాలు చెప్పడానికే చెమటలు పట్టాయి పాపం ఆయనకి. ఐదోది కొబ్బరికాయ. అది రాలేదు. మా ప్రాంతంలో పెద్దాయన అలా ఎదురుగా తడబడుతుంటే గుడ్లప్పగించి కూర్చోవడం ఎవరికి చేతనవుతుంది? పెట్టిన సున్నుండ ఇంకా నోట్లోనే ఉంది. నేను నోరు విప్పలేదు. పెరట్లోని కొబ్బరిచెట్టు వైపు ఒక్క చూపు చూశాను, అంతే. "ఆఁ, కొబ్బరికాయండి!" అన్నారాయన మొహం వెలిగిపోతూ. ఐదుకి ఐదు వేశాను. మర్యాద కాపాడానని మురిసిపోయాను కూడా.

మరుసటి ఏడాది అన్నపూర్ణ గారితో కలిసి అదే ఇంటికి వెళ్ళాను. రాజు గారు వేసవిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ముఖం ఉబ్బి ఉంది, మాట మందగించింది, ఒక్క పదం కూడా రాలేదు. ఆయన భార్య సుభద్రమ్మ గారు స్తంభం పట్టుకుని ఏడ్చారు. "మీ పరీక్షలో అన్నీ చెప్పారని కాగితం మీద రాసిచ్చారు కదండీ. అందుకని ఈ మరుపంతా కావాలని చేస్తున్నారనుకున్నానండీ డాక్టరు గారూ. రొయ్యల మందు తెచ్చుకోవడం మర్చిపోతే బద్ధకమన్నాను, చెరువు లెక్క తప్పితే నిర్లక్ష్యమన్నాను. ఏడాది పొడుగునా తిట్టిపోశానండీ ఆయన్ని." రాజు గారు ఆవిడ వైపు చూసి, "పోన్లే సుభద్రా" అన్నారు మెల్లగా. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తగ్గిపోయిందని తేలింది. అల్జీమర్స్ కానే కాదు. రోజూ ఒక మాత్ర వేసుకుంటే దారికొచ్చే మరుపు. అన్నపూర్ణ గారు పాత ఫారం తీసి, "ఐదూ ఆయనే చెప్పారా?" అని అడిగారు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం పోతే మళ్ళీ ఖాళీగా కూర్చోవాలి. అయినా, "కొబ్బరికాయ దగ్గర ఆగిపోయారండి. నేను చెట్టు వైపు చూశాను" అన్నాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంకా ఎంతమందికి చూశావు?" అన్నారు. "గుర్తులేదండి." "గుర్తులేకపోతే అందరివీ మళ్ళీ చెయ్యాలి, పద." నాకు మార్కులు వెయ్యాలనే బుద్ధి ఉందనీ, వాళ్ళకి కావలసింది మార్కులు కాదనీ మాత్రం అన్నారు. "నీ జాలి ఆయనకి ఒక ఏడాది ఖరీదు చేసింది కృపా."

నేను చేసిన ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాం, ఆవిడ నా పక్కనే కూర్చుని. పైవాళ్ళకి పంపిన నివేదికలో "శిక్షణ ఇవ్వడంలో లోపం నాది" అని ఒకే ముక్క రాశారు. నా పేరు ఎక్కడా లేదు. నేను ఆ కాగితం టైపు చేస్తూ ఏడుస్తుంటే, "కీబోర్డు తడుస్తుంది, లే" అన్నారు. రాజు గారింటికి కూడా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, నాచేతే నిజం చెప్పించారు. అప్పటికి మాత్రలు పనిచేసి ఆయన మళ్ళీ చెరువు గట్టెక్కారు. అంతా విని, "ఈసారి అడిగేటప్పుడు సున్నుండలు పరీక్ష అయ్యాక పెడతాం లెండమ్మా" అన్నారు. అంతటి మనుషుల దగ్గర ఉప్పు తిని అన్యాయం చేశానే అని ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

ఆ తిరుగుళ్ళలోనే ఆవిడ మాట్లాడే తీరు గమనించాను. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు, "ఏ పాపం చేశామని వచ్చిందండీ ఇది?" అనేవారు. ఆవిడ మంచం మీద కూలబడి తాపీగా చెప్పేవారు. "పాపం కాదమ్మా. మెదడులో రెండు రకాల ప్రొటీన్లు పేరుకుంటాయి. ఒకటి కణాల మధ్య గడ్డకడుతుంది, ఒకటి కణం లోపల దారంలా చిక్కుపడుతుంది. మరుపు బయటపడే ఏళ్ళ ముందే ఇది మొదలవుతుంది. అయితే, అవి పేరుకుని కూడా హాయిగా ఉన్నవాళ్ళున్నారు. ఎందుకో పూర్తిగా తెలియదు." ఒకాయన కోపంగా, "డాక్టరయ్యుండి తెలియదంటారేంటండీ?" అన్నాడు. "తెలియదు కాబట్టే మీ గుమ్మం ఎక్కానండి. తెలిసుంటే చీటీ రాసిచ్చి ఇంట్లో కూర్చునేదాన్ని" అన్నారు ఆవిడ. కొత్తగా వచ్చిన ఇంజక్షన్ల గురించి అడిగితే, అవి మొదటి దశలో ఆ గడ్డల్ని కరిగించి జబ్బు నడకని కాస్త నెమ్మదిస్తాయే గానీ ఆపవనీ, పోయినదాన్ని తిరిగి తేవనీ, కొందరికి మెదడు వాచే ప్రమాదం ఉందనీ దాచకుండా చెప్పేవారు. ఆశ పెట్టి డబ్బు లాగేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట. "ఈలోగా బీపీ, సుగరు చూసుకోండి. చెవులు వినపడకపోతే మిషను పెట్టించండి. పెద్దాయన్ని మూల కూర్చోబెట్టకండి, నలుగురితో మాట్లాడనివ్వండి" అని లేచేవారు.

మూడేళ్ళ క్రితం, పని మొదలుపెట్టే రోజున, అలవాటు ప్రకారం ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. నేను నాలుగో సీసా మూత తిప్పి, ఆవిడ అరుపు కోసం ముందే నవ్వడం మొదలుపెట్టాను. ఆవిడ ముఖం తిప్పుకోలేదు. సీసాని ముక్కు దగ్గర పెట్టుకుని, ఓపిగ్గా రెండుసార్లు పీల్చి, "ఇది ఖాళీ సీసానా?" అన్నారు. గదిలో నవ్వు ఆగిపోయింది. ఆవిడే ముందు తేరుకున్నారు. "ఏంటా మొహం? రాసుకో, తెలియలేదని. జలుబుకీ ముక్కు పోతుంది, వయసుకీ పోతుంది. ఇదొక్కటి పట్టుకుని ఏదీ చెప్పలేం." ఆ తర్వాత స్కాన్లు, పరీక్షలు అయ్యాయి. జబ్బు అదే. తలలో అక్కడక్కడా పాత రక్తపు చుక్కలు కనబడ్డాయి కాబట్టి ఆ ఇంజక్షన్లు ఆవిడకి ప్రమాదమన్నారు. "నాకు అందకపోతే ఏం, నా రక్తం పనికొస్తుందిగా" అని, మా సర్వేలో తన పేరు రాయించుకున్నారు. ఆరు నెలలకోసారి పరీక్షకి నేనే రావాలని షరతు పెట్టారు. "మిగతావాళ్ళు నా మీద జాలిపడతారు" అన్నారు.

పోయిన నెల ధవళేశ్వరం వెళ్ళాను. పదాల జాబితాలు మార్చి మార్చి అడుగుతాం. ఈసారి వంతు మొదటి జాబితాది, అదే కొబ్బరికాయ ఉన్నది. ఐదు నిమిషాలయ్యాక అడిగితే, ఆవిడ వేళ్ళు ముడుస్తూ మూడు చెప్పి ఆగారు. తలుపు దగ్గర కామేశ్వరి గారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కిటికీలోంచి, వాళ్ళ పెరటి కొబ్బరిచెట్టు నిండా కాయలతో కనబడుతూనే ఉంది. ఒక్క చూపు చాలు. నేను తల వంచుకుని కాగితం మీద గీతలు లెక్కపెట్టాను. నా జీవితంలో అంత పొడుగు నిమిషం ఇంకొకటి లేదు. అన్నపూర్ణ గారు నా వంకే పరీక్షగా చూసి, చెల్లెలి వైపు తిరిగారు. "ఈ పిల్ల పేరు నోటికి రావడం లేదే కామూ. కానీ మంచి పిల్ల. చెట్టు వైపు చూడదు."

మూడు అని రాశాను. పరీక్ష అయ్యాకే సున్నుండలు వచ్చాయి. ఆవిడకి ఒకటి తినిపించి, నేనొకటి తిని, మళ్ళీ వస్తానండి అని చెప్పి లేచాను. ఇప్పుడు ఈ కొత్త పిల్లలిద్దరికీ నేను నేర్పాల్సింది అదొక్కటే. సీసాలు పట్టుకోవడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ప్రేమించిన మనిషి ఎదురుగా వెతుక్కుంటుంటే నోరూ కళ్ళూ అదుపులో పెట్టుకుని కూర్చోవడం ఆవిడ నాకిచ్చిన చదువు. ఆ రోజు వీధిలోకొచ్చి, గేటు వేసి, ప్రహరీగోడ మీద ఒకప్పుడు నాలుగో సీసా పడుకునే చోట చెయ్యి ఆనించి, అప్పుడు చూశాను ఆ కొబ్బరిచెట్టు వైపు. కళ్ళు మసకబారేదాకా చూశాను.