గొట్టాల మేస్త్రి ఎత్తుకున్న పాట

డాక్టర్లు మెడలో వేసుకు తిరిగే స్టెతస్కోపులు బాగుచేయడం ఆయన పని. ఆసుపత్రి వెనక సందులో, మంచం వేస్తే మనిషి పట్టనంత గదిలో దుకాణం. అందరూ గొట్టాల మేస్త్రి అంటారు. ఎవరొచ్చినా నవ్వించి గాని పంపడు. గుండె మాటెత్తితే మాత్రం ముఖం చిన్నబోతుంది. తండ్రి గుండె ఆగి పోయింది సరిగ్గా ఇప్పుడు తనకున్న వయసులోనే. అందుకే బాగుచేసిన గొట్టాన్ని గోడగడియారానికి ఆనించి చూస్తాడు తప్ప, చచ్చినా తన ఛాతీకి ఆనించడు. లోపల ఏ తేడా వినబడుతుందోనని హడల్. లోకంలోని గుండెలన్నిటికీ గొట్టాలిచ్చే మనిషి ధైర్యం అంతమాత్రం!

ఇంట్లో భార్య తెల్లవారగానే దేవుడి పాట ఎత్తుకుంటుంది.

"మీరూ ఒక చరణం పాడండి, నోరేం అరిగిపోదు."

"కనబడని ఆయనకి ఏం పాడనే?" అని ఆయన చల్లగా జారుకుంటాడు.

ఒకనాడు డాక్టరమ్మ వచ్చి, కిందటివారం ఆయన బాగుచేసిన గొట్టాన్ని బల్ల మీద పెట్టింది.

"మేస్త్రీ, దీంతో వింటే నా పేషెంట్లంతా ఎప్పుడో పోయినట్టున్నారు. దేనిమీద చూశారు?"

"గడియారం మీదండీ."

"టిక్కుటిక్కు ఎలాగైనా వినబడుతుంది. గుండెది మెత్తటి చప్పుడు, గొట్టానికి సూదిబెజ్జం ఉన్నా జారిపోతుంది. మార్చి మీ గుండె మీదే చూడండి. నేనిక్కడే ఉంటాను."

మేస్త్రి గొట్టం మార్చాడు, బిగించాడు, బిగించిందే మళ్ళీ బిగించాడు. ఇక తప్పేది కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని చొక్కా గుండీ విప్పి గొట్టం ఛాతీకి ఆనించాడు.

డబ్... డబ్... డబ్.

తను కీ ఇవ్వలేదు, నూనె వేయలేదు. తను నిద్రపోతున్నా, తిడుతున్నా, అలిగి అన్నం మానేసినా అది పని మానలేదు. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది కదా తన బతుకు! మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవుల మీద నవ్వు కూడా వచ్చింది.

"ఏమైంది? ఇలా ఇవ్వండి, తేడా ఉందేమో నేను చూస్తాను" అంది డాక్టరమ్మ కంగారుగా.

"ఉండండమ్మా. ఇన్నేళ్ళుగా దేవుడు లోపలే కూర్చుని పని చేస్తుంటే, ఒక్కసారైనా పలకరించలేదు నేను. ముందు ఆయనకో దండం పెట్టుకోనివ్వండి."

దండంతో ఆగలేదు. రోజూ విని విని నోటికొచ్చిన భార్య పాటే అందుకున్నాడు. శ్రుతి ఒక దారి, తాళం ఇంకో దారి. సందులో పోయేవాళ్ళు ఆగి తొంగిచూశారు. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ గొట్టం తీసుకుని ఆయన ఛాతీకి ఆనించింది.

"పాట ఆపితేనే కదా మేస్త్రీ, గుండె వినబడేది!"

ఆపాడు. ఆవిడ ముందూ వెనకా శ్రద్ధగా విన్నది.

"నిక్షేపంలా ఉంది. ఇన్నాళ్ళూ అనవసరంగా భయప..."

ఆ మాట పూర్తికాకుండానే మేస్త్రి రెండో చరణం ఎత్తుకున్నాడు.