ఇనుప రాటకు పాదు

మా వైపు, అంటే విజయనగరం దగ్గర, నేలలోంచి నిటారుగా ఏది లేచినా దాని మొదట్లో మట్టి ఎగదోసి, చుట్టూ పళ్లెంలా పాదు చేసి నీళ్లు పోస్తాం. కొబ్బరికీ అంతే, కరివేపాకుకీ అంతే. బడిలో నేర్చుకున్నది కాదు గనక ఉద్యోగంలో పడ్డాక మరిచిపోవడం కూడా కుదరలేదు. మల్కాజ్‌గిరిలో మూడో అంతస్తు అద్దెవాటాలో ఉన్నన్నాళ్లూ ఈ విద్యకు పని పడలేదు. యాప్రాల్‌లో చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకున్నాక నా చేతులకు మళ్లీ నేల దొరికింది. దొరికిన వారంలోనే కంచె రాటలకు పాదులు చేసేశాను. ఇనుప రాటలకు.

నా తరఫున చెప్పుకోవలసింది కొంచెం ఉంది. పక్కింటికీ మాకూ మధ్య తొమ్మిది ఇనుప రాటలు, వాటికి బిగించిన జాలీ. మా ఆవిడ పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన దొండతీగ ముక్కను మూల రాటను ఆనించి నాటింది. మిగతా రాటల దగ్గర బీర, చిక్కుడు, కాకర. తీగ రాటను పట్టుకునే లేస్తుంది గనక ఇద్దరి మొదలూ ఒకటే చోట. పాదు ఎవరికి చేశావంటే ఇద్దరికీ అని చెప్పాల్సిందే.

దానికి నా పొదుపు తోడైంది. మాది బోరునీళ్లు, గ్లాసుకు తెల్ల మరక వదిలే రకం. తాగడానికి ఆర్వో పెట్టించాం. అది మంచినీళ్లు మనకిచ్చి, ఉప్పంతా చేరిన నీళ్లను గొట్టంలోంచి బయటికి వదిలేస్తుంది. వృథా ఎందుకని ఆ గొట్టాన్ని బకెట్లోకి తిప్పి, ఆఫీసుకు బయల్దేరే ముందు ఒక్కో పాదులో ఒక్కో చెంబు పోసేవాణ్ణి. దొండతీగ నీకు ఆరోప్రాణం, దానికి ఆర్వో ప్రాణం అని మా ఆవిడతో అనేవాణ్ణి. ఆవిడ నవ్వేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ తీర్పే సరైనది. ఆ నీళ్లతో కూడా దొండ విరగకాసిందంటే అది దొండ మంచితనం.

కంచెకు అవతల ఉండేది పక్కింటి అక్క. ఇక్కడి మనిషే, నాకన్నా పదేళ్లు పెద్ద, బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. రోజూ పదింటికి మా ఆవిడా ఆవిడా మూల రాట దగ్గర కలుస్తారు. అటు వైపు కాసిన దొండకాయలు అక్క కోసుకుంటుంది. ఆవిడ సర్వపిండి చేసిన రోజు మా ఇంట్లో టిఫిను ఉండదు. మొదట్లో ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేదట. ఇప్పుడు మా ఆవిడ అక్కలా ‘జెర ఆగండి’ అంటుంది, అక్క మావైపు వాళ్లలా ‘అలగేటి’ అంటుంది. నేను మాత్రం ఎవరేమన్నా తలూపుతాను.

శ్రావణమాసం వానలకు మూల రాట అక్కావాళ్ల వైపు ఒరిగింది. చేత్తో తోస్తే సరిగ్గా నేలమట్టం దగ్గర ఊగే పన్నులా కదిలింది. అక్క పెద్దకొడుకు కట్టడాల పని చేయిస్తుంటాడు. ఒక ఆదివారం వచ్చి, ఒరిగిన రాటను చూసి, ఈ చివర నుంచి ఆ చివరకు టేపు పెట్టి కొలిచాడు. ఈ జాలీ పని అయిపోయిందనీ, దసరా కాగానే ఆరడుగుల గోడ లేపిస్తాననీ, మాకు ఏ తక్లీఫూ ఉండదనీ మర్యాదగానే చెప్పాడు. పడిపోతున్న కంచెను పట్టుకుని వద్దనడం బాగుండదని తలూపాను.

అతను వెళ్లాక మా ఆవిడ దొండకాయలు తరగడానికి కూర్చుంది. తల ఎత్తకుండానే అంది.

“గోడ కట్టీస్తే నేనింకెవరితోటి మాటాడాలండీ? మీతోటా?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే రాటను నిలబెట్టడమే సులువనిపించింది.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, వెండిరంగు. ఏటా దసరాకు ముందు రాటలన్నిటికీ పైనుంచి మొదలుపెట్టి కుంచె మట్టికి తగిలేదాకా పూసేవాణ్ణి. మట్టికింద ఏముందో పండక్కి వచ్చినవాళ్లెవరూ చూడరు గనక నేనూ చూడలేదు. ఈసారి నెల ముందే డబ్బా తెరిచి, ఒరిగిన రాటకు ఒక రాయి దన్ను పెట్టి రంగు మొదలుపెట్టాను. అవతల నుంచి అక్క కాసేపు చూసింది.

“తమ్మీ, రంగు బందువెట్టు. మా అన్నను పిలుస్త. లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల పనిజేసిండు. పుట్టినకాన్నుంచి ఇనుముతోనే ఉన్నడు.”

అక్క అన్నగారు మరుసటి ఆదివారం గుడ్డసంచితో వచ్చారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. నా వెండిరంగు వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా రాట మొదట్లో గొంతుక్కూర్చుని, పాదులో మట్టి వేళ్లతో తీసి, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి నేలమట్టం దగ్గర గుచ్చారు. అది అరిసెలో దిగినట్టు దిగిపోయింది. ఆయన ఆ స్క్రూడ్రైవరును అలాగే వదిలేసి నా వైపు చూశారు.

“సార్, దీనికి నీళ్లు పోస్తున్నరా?”

తీగకు పోస్తున్నానన్నాను.

“పాదు రెండిట్కి తీసిండ్రు గద.”

పక్కనే ఉన్న బకెట్లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశారు. ఉప్పునీళ్లు దినాం తాపితే ఇనుము ఇంకేం చేస్తుందని అడిగారు. కోపంగా కాదు, పిల్లవాడికి జబ్బు ఎందుకొచ్చిందో తల్లికి చెప్పే డాక్టరులా.

“పైన గాలి ఉంటది, నీళ్లు నిలువయి. లోపల నీళ్లుంటయి, గాలి ఉండది. రెండు కలిసేది గీడనే, గీ బెత్తెడు జాగల. గీ బెత్తెడు కాపాడుకుంటే రాట మనకంటె ఎక్కువ బతుకుతది.”

అంటే తుప్పలు పెంచబోయి తుప్పు పెంచానన్నమాట, అన్నాను. ఆయన నవ్వలేదు. మా ఆవిడ మాత్రం అన్నేళ్లలో మొదటిసారి నవ్వింది. తప్పు ఒప్పుకుంటే గానీ నా హాస్యం పండదని అప్పుడు తెలిసింది.

మిగతా ఎనిమిది రాటల చుట్టూ ఆ రోజంతా నేనే తవ్వాను. వాటికి పై చర్మమే పోయింది, ఎముక గట్టిగానే ఉంది. మూల రాటకు మాత్రం కొత్త కాలు కావాలన్నారు. కొత్త ఇనుప ముక్కను పక్కనే లోతుగా దింపి, పాత రాటకు బాగున్న చోట వెల్డింగు చెయ్యాలి. నిప్పురవ్వలు పడతాయి గనక తీగను కోసేస్తే పని జల్దీ అవుతుందని కూడా అన్నారు. మా ఆవిడ తల ఎత్తకుండా తీగ మొదట్లో గడ్డి పీకడం మొదలుపెట్టింది. ఆ తల ఎత్తకపోవడం నాకు దొండకాయలు తరిగిన రోజునుంచీ తెలుసు. ఈలోగా అక్కే అవతల నుంచి, “కొయ్యకు అన్నా, మేం పట్టుకుంటం” అంది.

తర్వాతి ఆదివారం మా ఆవిడా అక్కా ఆ తీగను జాలీలోంచి ఒక్కో నులితీగ చొప్పున విడదీశారు. దానికే పొద్దున్నంతా పట్టింది. విడదీసిన తీగను తడి గోనెసంచిలో చుట్టి, కాస్త ఎడంగా కుర్చీలు వేసుకుని ఒళ్లో పెట్టుకు కూర్చున్నారు. మొదలు నేలలో, కొసలు ఇద్దరి ఒళ్లల్లో. ఇక్కడ వెల్డింగు మెరుపులు, అక్కడ మా ఆవిడ చెల్లెలి పెళ్లిచూపుల కథ. ఊరికే ఉండలేక ఒళ్లో ఉన్న కాయలు కోసేసి గిన్నెలో వేశారు కూడా.

వెల్డింగు చల్లారాక నన్ను పనిలో పెట్టారు. తొమ్మిది రాటలకూ మెరిసేదాకా వైర్ బ్రష్షు, ఆ పైన ఎర్రరంగు ప్రైమరు, అది ఆరాక నేలకు జానెడు కిందనుంచి జానెడు పైదాకా చిక్కటి డాంబరు. ఇదంతా చెప్పినట్టు చేశాను. చివరికి ఒక్కో రాట చుట్టూ నేలకన్నా ఎత్తుగా సిమెంటు దిమ్మ కట్టమన్నారు. నీళ్లు నిలవకుండా గిన్నె బోర్లించినట్టు అన్ని వైపులా వాలు ఉండాలి. ఇక్కడ నా చేతులు ఎదురుతిరిగాయి. తాపీతో వాలుగా దిద్దుతూనే ఉన్నాను, నా బొటనవేలు తనంతట తాను రాట చుట్టూ గాడి తీసేస్తోంది.

“సార్, మళ్ల పాదు తీస్తున్నరు.”

రెండో రాటకీ అదే మాట, మూడో రాటకీ అదే. నాలుగోదానికి ఆయన చెప్పడం మానేసి నా బొటనవేలికి గుడ్డపీలిక కట్టేశారు. ఆ తర్వాత దిమ్మలన్నీ బోర్లించిన గిన్నెల్లాగే వచ్చాయి. సిమెంటు ఎండి ఇనుమును వదిలే చోట వెంట్రుకంత సందు పడుతుందనీ, అందులోనూ డాంబరు పూసి మూసెయ్యాలనీ, ఏడాదికోసారి వెండిరంగుకు బదులు ఆ సందునే చూసుకోమనీ చెప్పి వెళ్లారు. దిమ్మలు కట్టే ముందే తీగల మొదళ్లను మట్టిగడ్డలతో సహా రాటలకు మూరెడు దూరంలోకి మార్చాం, కొత్త పాదులు అక్కడే చేశాను. వాటికి మామూలు నీళ్లే. ఆర్వో నీళ్లు ఇల్లు తుడవడానికి పోతున్నాయి.

దసరా అయింది. అక్క కొడుకు టేపు పట్టుకుని అన్న మాట ప్రకారం వచ్చాడు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను మూల రాటను రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఊగలేదు. భుజం ఆనించి తోశాడు. కదలలేదు. కాలితో దిమ్మను తట్టి, వంగి, అడుగున చెయ్యి పెట్టి చూసుకుంటే అరచెయ్యంతా నల్లగా, నేను ముందురోజే సందులో పూసిన డాంబరు. మా ఆవిడ కొబ్బరినూనె సీసా పట్టుకుని పరుగెత్తింది. అవతల నుంచి అక్క పాతగుడ్డ అందించింది. కంచెకు చెరోవైపునుంచీ ఒకరు నూనె పోస్తూ ఒకరు గుడ్డతో రుద్దుతూ అతని చెయ్యి కడిగే లోపల, ఆ పూట వంకాయ పులుసు సంగతి కూడా మాట్లాడేసుకున్నారు. అతను మధ్యలో చెయ్యి చాపి నిలబడి ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు.

“సరే తియ్యమ్మా, ఉండనియ్” అన్నాడు వాళ్లమ్మతో. టేపు జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు రోజులకు ఒక సాయంత్రం పెద్ద వాన పడింది. గొడుగు పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లాను, అత్తారింటికి పంపిన పిల్లను చూసి రావడానికి వెళ్లినట్టు. దొండతీగ మళ్లీ రాటను పట్టుకుని రెండు మెలికలు వేసింది. దిమ్మ మీద పడిన నీళ్లు ఒక్క క్షణం కూడా ఆగకుండా వాలు వెంట జారి, మూరెడు అవతల ఉన్న పాదులోకి పోతున్నాయి. వంగి చూస్తున్నాను. జాలీ అవతల మరో గొడుగు వంగి ఉంది.

“పోతున్నయా తమ్మీ నీళ్లు?”

“పోతున్నయక్కా” అన్నాను. ఆవిడ మాట నా నోట్లోకి ఎప్పుడొచ్చిందో నేనూ గమనించలేదు.

ఇంతలో మా ఆవిడ కూడా తలమీద తువ్వాలు వేసుకుని వచ్చేసింది. ఇక నాతో పని లేదు గనక లోపలికి వచ్చేశాను.