కుడికాలి లెక్క

నా దగ్గర ఒక రెండొందల పేజీల నోటుబుక్కు ఉంది. ఎడమవైపు గడిలో నా అడుగులు, కుడివైపు గడిలో మా ఆడపడుచు అడుగులు. జనవరి ఆరు నుంచి మార్చి ఇరవై దాకా డెబ్బై నాలుగు రోజులు, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. అందులో పది రోజుల అంకెలు తప్పు. మార్చి పదకొండు నుంచి ఇరవై వరకు, కుడివైపువి. ఆ తప్పుకి మా ఆడపడుచు కాలు పోవలసింది. ఎవరిమీదా పెట్టకుండా రాయాలనే ఇది రాస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. మా ఆయన మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టులో పనిచేస్తూ పోయారు. ఆయన ఉద్యోగం బదులు నాకు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. నీటిమట్టం అంకెలు గంట గంటకీ వస్తే పట్టీలోకి ఎక్కించడం నా పని. ఇరవై ఎనిమిదేళ్ళు అదే చేశాను. మా ఆడపడుచు పన్నెండేళ్ళ పిల్లగా శ్రీకాకుళం నుంచి మా దగ్గరికి వచ్చింది. సంబంధాలు చూశాం, ఏదీ కుదరలేదు. ఇప్పుడు దానికి అరవై ఆరు, నాకు డెబ్బై ఒకటి. రాయగడలో రైలుగేటుకి ఇవతల రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. ఇప్పటికీ నేను దాన్ని అమ్మీ అనే పిలుస్తాను.

ఇద్దరికీ షుగరు. జనవరి మూడు, శుక్రవారం, డాక్టరు గారు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒక కాగితం రాసిచ్చారు. రోజూ నడవాలి, ఎంత నడుస్తున్నామో తెలియాలి, ఒక్కసారిగా పెంచకూడదు అన్నారు. మందుల దుకాణంలో నడుముకి తగిలించుకునే అడుగుల మిషన్లు రెండు కొన్నాను. అగ్గిపెట్టె కన్నా చిన్నవి. ఫోనులో కూడా లెక్క వస్తుందని దుకాణం అతను అన్నాడు గానీ, చీర కట్టుకున్న మనిషి ఫోను ఎక్కడ పెట్టుకుని తిరుగుతుంది?

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారం ఏమీ మార్చకూడదు. మామూలుగా తిరిగేదెంతో అది రాసుకోవాలి. ఆ తరవాత వారానికి ఐదు వందల అడుగులు పెంచాలి. మొదటి రోజు మా ఆడపడుచు మిషను కొంగుకి తగిలించుకుంది. సాయంత్రం చూస్తే రెండు వందల పన్నెండు. నూతి దగ్గరికి వెళ్ళొచ్చిన కోడి కూడా అంతకంటే ఎక్కువ నడుస్తుందన్నాను. నడుము దగ్గర, కుచ్చెళ్ళ పక్కన, కుడి మోకాలికి తిన్నగా పైన పెట్టాలి. అక్కడ పెట్టి, వంద అడుగులు నోటితో లెక్కపెడుతూ నడిపించాను. మిషను తొంభై ఎనిమిది చూపించింది. నాది తొంభై తొమ్మిది. బాగానే ఉందనుకున్నాను. పరీక్ష చెయ్యడం అదే మొదలు, అదే ఆఖరు.

మొదటి వారం నా సగటు రెండు వేల ఆరు వందల నలభై, దానిది రెండు వేల ఐదు వందల తొంభై. ఐదు వారాల్లో ఇద్దరం ఐదు వేలు దాటాం. మీ వయసుకి ఇది చాలు, ఇక్కడ ఆగండి అన్నారు డాక్టరు గారు. ఇంటి నుంచి రైలుగేటు దాకా వెళ్ళి తిరిగొస్తే నా మిషను మీద రెండు వేల నాలుగు వందలు. దాన్ని మేం ఒక చుట్టు అనేవాళ్ళం. కుళాయి నీళ్ళు వచ్చే వేళకి ఇంట్లో ఒకరు ఉండాలి కాబట్టి కలిసి నడవడం కుదిరేది కాదు. నేను తెల్లవారి ఐదున్నరకి, అది నేనొచ్చాక. అది బయల్దేరేటప్పుడు మిషను మీద అంకె రాసుకునేదాన్ని, తిరిగొచ్చాక మళ్ళీ రాసుకునేదాన్ని.

ఫిబ్రవరి పంతొమ్మిదిన దాని లెక్క ఏడు వేల మూడు వందలు వచ్చింది. ఆ రోజంతా అది అరుగు మీద కూర్చుని కొత్త చింతపండుకి పిక్కలు తీసింది. నేను లోపలి నుంచి వచ్చి చూస్తే చేతులు చింతపండులో ఉన్నాయి, కాలు ఊగుతోంది, నడుము దగ్గర అంకె మారుతోంది. ఇదేమిటమ్మీ అన్నాను. కాలు నాదే గదా వదినా, ఊగింది గదా, మరేటి అంది. రెండు వేల రెండు వందలు ఎర్ర సిరాతో కొట్టేశాను. వదిన నా కాలికి పారాణి ఎట్టింది అని వీధంతా చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఆ రోజు నుంచి దాని అంకెల మీద నాకు నమ్మకం పోయింది. అది దానికి తెలియదు, నాకు తెలుసు.

మార్చి ఎనిమిది, శనివారం, దాని కుడి చెప్పు అడుగు ఊడింది. కొత్తవి కొనుక్కుంటానంది. కొత్తవి కరుస్తాయి, పాతవి కాలికి అలవాటు పడ్డాయి అని నేనే స్టేషను దగ్గరికి తీసుకెళ్ళి మేకులు కొట్టించాను. సోమవారం రాత్రి అన్నం తింటూ, కాలు మొద్దుగా ఉన్నాదొదినా అంది. ఇంకొంచెం నడిస్తే వదులుతుందన్నాను.

మంగళవారం, పదకొండున, చుట్టు వేసి వచ్చింది. మిషను చూశాను. వెయ్యి ఆరు వందల పది. ఎనిమిది వందల దాకా తక్కువ.

దారిలో కల్యాణసింగ్‌పూర్ వైపు నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే ఒకావిడ కూర్చుంటుంది. మా ఆడపడుచుకి ఆవిడతో ఒడియాలో కబుర్లు. అక్కడ కూర్చుని తిరిగొచ్చేసిందని నేను నిశ్చయించుకున్నాను. ఎంతసేపు పట్టిందో చూసుకుంటే వెళ్ళి రావడానికి ఎప్పటి కంటే ఇరవై నిమిషాలు ఎక్కువే. అది కూడా నాకు సాక్ష్యంలాగే కనబడింది.

"నడిసేనొదినా. గేటు ముట్టుకుని మరీ వచ్చేను."

"మిషను అబద్ధమాడదమ్మీ."

అది నా ముఖం చూసింది. తక్కువ పడ్డ అడుగులు తీర్చడానికి మర్నాటి నుంచి సాయంత్రం ఇంకో చుట్టు వెయ్యమన్నాను. పన్నెండు నుంచి ఇరవై దాకా తొమ్మిది రోజులు వేసింది. ఒక్క రోజు మానలేదు. కూరగాయల ఆవిడ దగ్గర ఆగడం లేదని చూపించడానికి కాబోలు, ఆ పక్కన నడవడం మానేసి రోడ్డుకి రెండో పక్క నుంచి నడిచేది. ప్రతి చుట్టుకీ వెయ్యి ఆరు వందలో, వెయ్యి ఐదు వందలో. ప్రతి రోజూ ఆ అంకె కింద గీత గీశాను. పదహారున గీతతో పాటు "బద్ధకం" అని కూడా రాశాను. ఆ మాట ఇప్పటికీ అక్కడ ఉంది.

ఇరవై ఒకటి శుక్రవారం. శుక్రవారం అది తలంటు పోసుకుని కాళ్ళకి పసుపు రాసుకుంటుంది. ఒకప్పుడు ఆ పసుపు నేనే రాసేదాన్ని. ఆడపడుచు కాళ్ళకి వదిన పసుపు రాస్తే ఇంటికి మంచిదని మా అత్తగారి మాట. మాచ్‌ఖండ్ కాలనీలో ఉండగా ప్రతి శుక్రవారం దాన్ని గడప మీద కూర్చోబెట్టి, పాదం నా ఒళ్ళో పెట్టుకుని, అరికాలుతో సహా రాసేదాన్ని. చక్కిలిగిలి అని గింజుకునేది. మా ఆయన పోయాక నా చెయ్యి పసుపుకి పనికిరాదని నేనే మానేశాను. అప్పటి నుంచి అదే వంగి, అందినంత మేర, పైపైన రాసుకుంటోంది. అరికాలు దానికి అందదు. ఎవరూ చూడలేదు.

ఆ రోజు స్నానం చేసి తడికాళ్ళతో గచ్చు మీద నడిచి వెళ్ళింది. వెనకే నేను గుడ్డ పట్టుకుని తుడవబోయాను. ఎడమ పాదం అచ్చులు వరసగా నీళ్ళు. కుడి పాదం అచ్చుల్లో చిటికెనవేలి కింద రూపాయి బిళ్ళంత మరక, గోధుమ రంగుది. నాలుగు అచ్చుల్లో నాలుగు మరకలు. కూర్చో అన్నాను. కాలు ఎత్తి చూపించమన్నాను. పెద్దదానివి, నా కాలు పట్టుకుంటావేటి అని వెనక్కి లాక్కుంది. లాగి చూశాను. పుండు లోతుగా ఉంది. వాసన వచ్చింది.

నొప్పి లేదా అని అడిగాను. లేదంది. నిజంగానే లేదు.

చెప్పులో చెయ్యి పెట్టి తడిమాను. మేకు మొన నా వేలికి గుచ్చుకుంది. నాకు రక్తం వచ్చింది. అంటే దానికి తెలియనిది నాకు ఒక్క క్షణంలో తెలిసింది.

డాక్టరు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గుతుందని, మేకు మీద నడిచినా తెలియదని, మనిషికి తెలియకపోయినా కాలు బరువు తప్పించుకుంటూ ఈడుస్తుందని చెప్పారు. మిషను నడుము కుదుపుని బట్టి లెక్కపెడుతుంది, మెల్లగా ఈడ్చి నడిచేవాళ్ళ అడుగులు దానికి అందవన్నారు. తరవాత అడిగారు, రోజూ అరికాళ్ళు ఎవరు చూస్తున్నారని. చేతిసంచిలో జనవరి మూడు నాటి కాగితం ఉంది. తీసి చూశాను. రెండు వరసలున్నాయి. మొదటిది నడక, వారానికి ఐదు వందలు. రెండోది, రోజూ పడుకునే ముందు అరికాళ్ళు చూడాలి. మొదటిది నోటుబుక్కులో ఎక్కించాను. రెండోదానిలో అంకె లేదు. ఎక్కించలేదు.

పాదం ఉంటుందో లేదో మూడు రోజులు చూసి చెబుతామన్నారు. ఆ మూడు రోజులు ఆరయ్యాయి. ఆస్పత్రి బల్ల మీద కూర్చుంటే నాకు మాచ్‌ఖండ్ ఆఫీసు గుర్తుకొచ్చింది. నీటిమట్టానికి అక్కడ రెండు కొలతలు ఉండేవి. ఆఫీసులో ముల్లు చూపించేది ఒకటి, గోడ మీద రంగుతో గీసిన గీతలు ఇంకొకటి. రెండూ కలవకపోతే, రాసేవాళ్ళు తమకి నచ్చింది రాయకూడదు. మెట్లు దిగి వెళ్ళి కంటితో చూసి రావాలి. మనిషిని అనేముందు మిషను చూడు అని నాకు పని నేర్పిన పెద్ద గుమాస్తా గారు మొదటి రోజే చెప్పారు. ఇరవై ఎనిమిదేళ్ళు నీళ్ళ విషయంలో ఆ మాట తప్పలేదు. మిషను ఒకటి చెప్పింది, అమ్మి ఒకటి చెప్పింది. దిగి వెళ్ళి చూడడానికి ఎన్ని మెట్లు? గడప ఒక్కటే.

ఇరవై ఏడున చిటికెనవేలు, దాని పక్క వేలు తీసేశారు. పాదం నిలిచింది. ఏప్రిల్ పన్నెండున ఇంటికి తెచ్చుకున్నాను.

ఆఫీసులో తప్పు అంకె పడితే చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం చెయ్యాలి. కొట్టడం తేలికే, సరైనది నాకు తెలియదు. పద్నాలుగున, సోమవారం, దాని మిషను నేను తగిలించుకుని, దాని లాగే కుడికాలు ఈడుస్తూ గేటు దాకా వెళ్ళి వచ్చాను. నోటితో లెక్కపెట్టాను. వందకి ఒక చింతపిక్క ఎడమ చేతిలోంచి తీసి చేతిసంచిలో వేశాను. కూరగాయల ఆవిడ నా కాలికేమయిందని అడిగింది. ఇంటికొచ్చేసరికి పిక్కలు ఇరవై ఏడు, మీద అరవై. రెండు వేల ఏడు వందల అరవై అడుగులు. మిషను మీద వెయ్యి ఆరు వందల ముప్పై.

నేను వెయ్యమన్న అదనపు చుట్లు తొమ్మిది. ఇరవై నాలుగు వేల ఎనిమిది వందల నలభై అడుగులు. అందులో కుడికాలివి సగం, పన్నెండు వేల నాలుగు వందల ఇరవై. ప్రతి అడుగూ మేకు మీద. పొద్దున్న చుట్లు ఇందులో కలపలేదు. ఇవి నేను చెప్పినవి మాత్రమే.

పది గడులూ దిద్ది, సంతకాలు పెట్టి, పుస్తకం దాని మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. క్షమించమని అడగడం నాకు రాదు. అంకెలు చదివాను. అది గోడకి ఆనుకుని విన్నది.

"ఆ పది రోజులూ నాకంటే నువ్వే ఎక్కువ నడిచేవమ్మీ."

"మరి అప్పుడే సెప్పేను గదా."

"చెప్పేవు."

కిటికీలోంచి గూడ్సు బండి వెళ్ళేదాకా చూసింది. తరవాత, చింతపండు నాటి ఎర్ర గీత కూడా దిద్దెయ్యమంది, అదీ నా కాలే గదా అంది. దిద్దాను. రూలు ప్రకారం అది తప్పు లెక్క. తెలిసే దిద్దాను. "బద్ధకం" అన్న మాట మాత్రం కొట్టెయ్యనియ్యలేదు. అలాగ ఉండనీ వదినా, నీకు పనికొస్తాది అంది. అది ఎగతాళో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు రోజుకి రెండు పూటలా దాని పాదాలు చూస్తాను. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, కిటికీ వెలుతురులో తిప్పి చూస్తాను. పెద్దదాని ఒళ్ళో కాలు పెట్టడానికి మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు తనే చాపుతోంది.

మొన్న శుక్రవారం కట్టు మార్చాక, పసుపు గిన్నె నా వైపు జరిపింది. ఎడమకాలికి పుండు లేదు గదా, రాయమంది. నా చెయ్యి పసుపుకి పనికిరాదని తెలుసు కదమ్మీ అన్నాను.

"లెక్కలన్నీ తప్పినావు. అదొక్కటే గుర్తున్నాదేటి నీకు?"

రాశాను. మడమ, మడమ వెనక, అరికాలు. కుడికాలయితే గింజుకోదేమో గానీ, ఎడమకాలికి ఇంకా కొంచెం తెలుస్తున్నట్టుంది, చక్కిలిగిలి అని లాక్కుంది. మళ్ళీ లాక్కుంటుందో లేదో చూడ్డానికే అరికాలు రెండోసారి రాశాను. ఎడమకాలికి ఐదు వేళ్ళు, కుడికాలికి మూడు. రోజూ లెక్కపెడతాను. అది పుస్తకంలో ఎక్కించడం లేదు.