దీనా అచ్చేసిన సంఘం పుస్తకం

బళ్లో పాఠాలు చెప్పుకుంటూనే ఇరవై రెండేళ్లు మా సంఘం కుటుంబాల రిజిస్టరు నా చేత్తో నేనే రాశాను. అలాంటిది 2003లో పాస్టరుగారు దాన్ని పుస్తకంగా అచ్చెయ్యమని పట్టుకెళ్లి దీనా చేతిలో పెడితే నాకు ఒళ్లు మండింది.

దీనా గవరపాలెంలో ఒక డీటీపీ షాపులో పనిచేసేది. ముప్పై దాటినా పెళ్లి చేసుకోలేదు, తల్లి అప్పాయమ్మతో ఉండేది. కంప్యూటరు ముందు కూర్చుంటే ఉలుకూ పలుకూ ఉండదు. అనకాపల్లి మొదలు రోలుగుంట దాకా మావి నూట ఎనభై కుటుంబాలు. ఆ పేర్లన్నీ పేజీల్లో ఒక్కొక్కటే పేర్చాలంటే నెల పని. ఆమె వివరాలను పట్టికగా ఎక్కించి, ఒక ప్రోగ్రాం రాసింది. అది పట్టిక చదువుకుని కుటుంబ పెద్ద పేరు లావు అక్షరాల్లో, కింద భార్యాపిల్లల పేర్లు, ఆ కింద ఊరూ వీధీ వేసుకుంటూ, పేజీ నిండగానే కొత్త పేజీ ఎత్తుకునేది. నేను టీ తాగి వచ్చేసరికి పుస్తకం తయారు.

"తప్పులేటైనా ఉంటే సూడండి మేస్టారూ," అంది.

ఒక్కటైనా దొరక్కపోతుందా అని వారం రోజులు వెతికాను. దొరకలేదు. దాచడమెందుకు, కడుపుమంట పోయి ముచ్చటేసింది.

పుస్తకం వచ్చిన ఆదివారం పాస్టరుగారు ఒక్కో కుటుంబాన్నీ పేరు పెట్టి పిలుస్తుంటే, ఆ ఇంటివాళ్లు లేచి నిలబడి ఆశీర్వాదం తీసుకున్నారు. అప్పాయమ్మ ఉతికి పెట్టుకున్న తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. చివరి పేజీ కూడా అయిపోయింది. ఆమెకు పిలుపు రాలేదు.

పుస్తకం తిరగేస్తే సంగతి తెలిసింది. చనిపోయినవాళ్ల పేరు పక్కన నేను ఎర్ర సిలువ గుర్తు పెట్టేవాణ్ని. ఆ గుర్తున్న పేరు వెయ్యొద్దని దీనా ప్రోగ్రాంలో రాసింది. ఇంటి పెద్ద పేరే లేకపోతే కింది పేర్లకు చోటెక్కడిది? మగదిక్కు పోయిన పద్దెనిమిది ఇళ్లు మొత్తానికే ఎగిరిపోయాయి. ఉన్న పేర్లలో తప్పులు వెతికాను గానీ లేని పేర్లు వెతకాలని నా బుర్రకు తట్టలేదు. సిగ్గేసింది.

దీనా తల్లి కాళ్ల దగ్గర కూలబడింది. "నీ పేరు నేనే పోగొట్టేనమ్మా."

"నా పేరు దేవుడి కాడుందిలే," అంది అప్పాయమ్మ. "పుస్తకం సేసినదానివి, నీ పేరేదే? మీ నాన్నతోపాటు నిన్ను నువ్వు కూడా మట్టి సేసేసుకున్నావా?"

దీపం కిందే చీకటి. ఊరందరి పేర్లూ సరిచూసిన మనిషి, తన పేరు లేదని అప్పటిదాకా గమనించుకోనేలేదు.

మర్నాడే ప్రోగ్రాం మార్చింది. ఇంట్లో బతికున్నవాళ్లలో ఎవరు పెద్దయితే వాళ్లే కుటుంబ పెద్ద. మరుసటి ఆదివారం పాస్టరుగారు ఆ పద్దెనిమిది ఇళ్లనూ పిలిచారు. నా రిజిస్టరులో ఇన్నాళ్లూ ఫలానావారి భార్యలుగా ఉన్నవాళ్లు తమ పేర్లకు తాము లేచి నిలబడ్డారు.

"అప్పాయమ్మగారి కుటుంబం," అన్నారు పాస్టరుగారు.

ముసలమ్మ లేచింది. దీనా మొహం చేతుల్లో దాచుకుని కూర్చునే ఉంది. అప్పాయమ్మ ఆమె జబ్బ పట్టుకుంది.

"లెగవే. మనల్నే పిలుత్తన్నారు."