ఉప్పు అమ్మడానికి వెళ్ళారు

2006 ప్రాంతంలో అమెరికాలో, టెక్సస్‌లోని కాపెల్‌లో ఉండేవాళ్ళం. ఆఫీసులో నా పక్క సీటు ఒక వియత్నాం మిత్రుడిది. ఒకరోజు లంచ్‌లో, తన పాత కారు ఇక లేవదని చెబుతూ, "ఉప్పు అమ్మడానికి వెళ్ళిపోయింది" అన్నాడు. చచ్చిందనడానికి వాళ్ళ భాషలో వేళాకోళపు మాటట. నాకు ఒళ్ళు పులకరించింది.

"మేం బాల్చీ తన్నేసింది అంటాం."

ఇక రోజూ లంచ్‌లో చావు మాటలే. పెద్దవాళ్ళు పోవడాన్ని వాళ్ళు నూరేళ్ళు రావడం అంటారని చెప్పినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాను. మాకూ నూరేళ్ళు నిండడమేగా! అన్నీ తెలుగు లిపిలో రాసుకుని కార్‌లో వల్లె వేసేవాణ్ణి.

ఆ చలికాలం అతని తండ్రి పోయారు. నేనూ మా ఆవిడా వాళ్ళింటికి వెళ్ళాం. నేను అతని తల్లి చేతులు పట్టుకుని, వాళ్ళ భాషలో, తడబడకుండా, మీ ఆయన ఉప్పు అమ్మడానికి వెళ్ళారటగా అన్నాను. ఆమె చేతులు లాగేసుకుంది. మిత్రుడు తల దించుకున్నాడు.

కార్‌లో మా ఆవిడకి చెప్పాను.

"అంటే, మీ ఆయన బాల్చీ తన్నేశాడటగా అన్నట్టా? బుద్ధుందా అండీ మీకు?"

"టెన్షన్‌లో మర్చిపోయాను."

అబద్ధం. మిత్రుడు లంచ్‌లో నేర్పిన, తాతముత్తాతల దగ్గరికి వెళ్ళారనే మర్యాద మాట నాకు గుర్తుంది. కానీ అది నా నోట సరిగ్గా పలికేది కాదు. బాగా పలికేది ఉప్పు మాటే. ఆ ఇంట్లో భేష్ అనిపించుకోవాలనుకున్నాను.

మిత్రుడు నాతో లంచ్‌కి రావడం మానేశాడు. రెండు వారాలకి ధైర్యం చేసి, అతని సీటు దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నాకు కాదు, అమ్మకి చెప్పు. నాన్నకి చేసే నలభై తొమ్మిదో రోజు పూజకి రా. తప్పు పలికితే మావాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ."

వెళ్ళాను. ఆమెకి క్షమాపణ చెప్పి, మర్యాద మాట అన్నాను. బంధువులు నవ్వారు. ఆమె నవ్వలేదు. మెల్లగా పలికి చూపించింది. నేను మూడోసారి పలికాక తల ఊపింది. అప్పుడు కొడుకుతో ఏదో అడిగించింది.

"మీ భాషలో మర్యాదగా ఏమంటారు అంటోంది."

"కాలం చేశారు."

ఆమె భర్త ఫోటోవైపు తిరిగి, ఆయనకే చెబుతున్నట్టు, "కాలం చేశారు" అన్నది. నా మొదటి ప్రయత్నంకన్నా ఎంతో నయం.

మిత్రుడు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "అమ్మకి ఇంకోటి చెప్పు" అన్నాడు.